చిన్న ఫోటో వ్యాపారము – సామాజిక మాధ్యమాలు

మన యువతీ యువకులలో కొందరు కెమెరా చేతపట్టి ఆ పనినే జీవనోపాధిగా చేసుకొంటున్నారు. వీరిలో కొందరు పాఠశాలలో మా వద్ద వ్యాపారశాస్త్రం చదివినవారు. మరికొందరు, సంఘం వారి వారాంతపు తరగతులలో మాతో కలిసి తెలుగు అక్షరాలు దిద్దినవారి బిడ్డలు. ఉగాది సభలలోనో పెళ్లి పందిళ్లలోనో కనబడినప్పుడు వీరు మమ్ము అడిగే ప్రశ్న ఒక్కటే. “మాస్టారూ, ఫోటోలు బాగానే తీస్తున్నాం. ఫేస్‌బుక్‌లో పెడుతున్నాం. చూసినవాళ్లంతా బాగున్నాయనే అంటున్నారు. మరి పని ఎందుకు రావడం లేదు?” ఈ ప్రశ్నకు మాకు తెలిసినంతవరకు సమాధానం చెప్పుటకే ఈ వ్యాసం.

సామాజిక మాధ్యమం అనగానే అదేదో బొత్తిగా కొత్త విద్య అని పెద్దలు భావిస్తారు. నిజానికి అది పాత పద్ధతికి కొత్త రూపం. తెలుక్ ఇంతాన్ పట్టణానికి ఇంకా తెలుక్ అన్సన్ అనే పేరు ఉన్న రోజులలో, అనగా 1982కు ముందు, స్టూడియోల వాకిట గాజు బీరువాలు ఉండేవి. స్టూడియో యజమాని తాను తీసిన వాటిలో మేలైన ఫోటోలు ఏరి, చట్రాలు కట్టించి అందులో నిలబెట్టేవాడు. తోటల నుండి జీతాల రోజున సరుకులకు వచ్చిన మనవారు ఆ అద్దం ముందు కాసేపు ఆగి చూచి, “పెళ్లికి ఈయననే పిలుద్దాం” అని అనుకొని వెళ్లేవారు. తమ పిల్ల ఫోటో ఆ బీరువాలో ఉన్నదని తెలిసి మురిసిపోయిన తల్లిదండ్రులు ఉన్నారు. మరుసటి ఆదివారమే బస్సెక్కి వెళ్లి దానిని తీయించివేసినవారూ ఉన్నారు. ఈ రెండవ రకం వారిని పాఠకులు గుర్తుంచుకోవలెను. వారి మాట ముందు వస్తుంది.

ఇప్పటి గాజు బీరువా చేతిలోని ఫోనులో ఉన్నది. ఫేస్‌బుక్ 2004లోను, ఇన్‌స్టాగ్రామ్ 2010లోను వచ్చాయి. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లోను, వాట్సాప్‌ను 2014లోను ఫేస్‌బుక్ వారే కొన్నారు. ఆ సంస్థ పేరు 2021 నుండి మెటా. టిక్‌టాక్ వేరొక సంస్థది. ఇన్ని ఉన్నాయి గదా అని అన్నిటిలోను అన్ని ఫోటోలు కుమ్మరించడం దండగ. ఒక్కొక్క దాని ముందు నిలబడి చూచేవారు వేరు.

పెళ్లి ఫోటోల విషయంలో వరుడు, వధువు ఇన్‌స్టాగ్రామ్ చూస్తారు. డబ్బు చెల్లించే తల్లిదండ్రులు, మేనమామలు ఫేస్‌బుక్‌లో ఉంటారు. ఇంటిల్లిపాదీ కలిసి మాట్లాడుకొని నిర్ణయించేది మాత్రం కుటుంబం వారి వాట్సాప్ బృందంలో. ఇది మేము పదే పదే గమనించిన సంగతి. కాబట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటోలు ఎంత అందంగా అమర్చినా, వాట్సాప్‌లో ఎవరైనా “ఎంత అవుతుంది బాబూ?” అని అడిగినప్పుడు రెండు రోజుల తరువాత జవాబిచ్చే మనిషికి పని దొరకదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ అనే విడి యాప్ ఇందుకు చాలా ఉపయోగకరం. అందులో మీ పని వివరాలను ధరలతో సహా ఒక పట్టీగా పెట్టవచ్చును. మీరు పెళ్లి మండపంలో పని మీద ఉన్నప్పుడు, “సాయంకాలం 6 గంటల తరువాత మాట్లాడతాము” అని దానంతట అదే జవాబు పంపే ఏర్పాటు కూడ కలదు. ఒక జాబితాలో 256 మంది వరకు చేర్చి అందరికీ ఒకేసారి కబురు పంపవచ్చును. అయితే మీ నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికి మాత్రమే ఆ కబురు చేరుతుంది. కనుక పని పూర్తయి లెక్క తీరే రోజున, “అత్తయ్యా, మా నంబరు మీ ఫోనులో వేసుకోండి” అని అడిగి, అవసరమైతే దగ్గరుండి వేయించి మరీ రావలెను.

ఫేస్‌బుక్‌లో సొంత పేరు మీద ఉన్న ఖాతాకు 5,000 మంది మిత్రుల వరకే హద్దు. వ్యాపారానికి ప్రత్యేకంగా పేజీ తెరిచితే ఆ హద్దు లేదు. కాని పేజీలో పెట్టినది దానిని అనుసరించే వారందరికీ కనబడుతుందని అనుకోరాదు. ఆ సంస్థ వారి లెక్కల ప్రకారం కొద్దిమందికే చూపుతారు. మిగిలినవారికి చూపవలెనంటే డబ్బు కట్టి ప్రకటన ఇవ్వవలసిందే. కట్టదలచుకొన్న వారు మలేసియా అంతటికీ కాక, తాము బండి వేసుకొని పోగలిగిన దూరానికే దానిని పరిమితం చేయవలెను. బాగన్ దాతోలో ఉన్న ఫోటోగ్రాఫరు ప్రకటన జొహోర్ బారులో ఎంతమంది చూచినా ఆయనకు ఒరిగేది ఏమీ లేదు.

ఇక అసలు విషయానికి వద్దాము. ఏమి చూపించవలెను?

కౌలాలంపూరులోను ఈపోలోను పెద్ద పెద్ద స్టూడియోలు ఉన్నాయి. వారి కెమెరాలు, దీపాలు మనవాడి కెమెరా కన్న ఖరీదైనవి. సూర్యాస్తమయం వేళ సముద్రపు ఒడ్డున వధూవరులను నిలబెట్టి తీసే ఫోటోలో వారితో పోటీ పడినంత మాత్రాన మనవాడు గెలవడు. మనవాడికి తెలిసినది, వారికి తెలియనిది ఒకటున్నది. అది తెలుగు పెళ్లి.

మన దేశంలో భారతీయ సంతతి వారిలో తమిళులే అధికం. అందుచేత బయటి ఫోటోగ్రాఫర్లకు తాళి కట్టే ఘట్టమే పెళ్లికి ప్రాణమని అలవాటు. వారు ఆ క్షణం కోసం కెమెరా సిద్ధం చేసుకొని ఎదురు చూస్తారు. మన వివాహంలో సుముహూర్తానికి జరిగేది జీలకర్ర బెల్లం. అడ్డుతెరకు ఒక పక్క వరుడు, ఇంకొక పక్క వధువు. ఒకరి తలపై ఒకరు చేయి ఉంచుతారు, తెర తొలగుతుంది, చూపులు కలుస్తాయి. తెలియనివారు ఆ సమయంలో మెడలోని దండలనో, వంటశాలలోని అరిటాకులనో తీస్తూ ఉంటారు. మేము చూచిన ఒక పెళ్లిలో అచ్చంగా ఇదే జరిగింది. ఆల్బములో తాళి కట్టే ఫోటోలు పదిహేను ఉండగా, తెర తీసిన క్షణానిది ఒక్కటీ లేదు. ఆ తల్లి ఆల్బమును ఎన్నిసార్లు తిరగవేసినా అది కనబడలేదు. మళ్లీ తీయడానికి అది బొమ్మల కొలువు కాదు గదా!

కాబట్టి మన ఫోటోగ్రాఫరు పేజీలో మొదట కనబడవలసినది ఆ తెర తొలగిన క్షణమే. దాని కింద రెండు మూడు వాక్యాలలో, ఆ ఘట్టం ఏమిటో, తాను ఎక్కడ నిలబడి తీశాడో, పురోహితుని ముందుగా కలిసి ముహూర్తం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో తెలుసుకొన్నాడో లేదో వ్రాయవలెను. తరువాత తలంబ్రాలు. నవ్వులతో కూడిన ఘట్టం గనుక కదిలే బొమ్మగా, అనగా చిన్న వీడియోగా పెట్టుటకు అదే తగినది. మంగళస్నానం, అప్పగింతలు కూడ బాగుంటాయి కాని, అప్పగింతలలో కన్నీరు పెట్టుకొన్న తండ్రి ముఖాన్ని ఆయనను అడగకుండా లోకానికి చూపడం మాకు ఇష్టం లేదు.

ఇట్టి వరుస ఒకటి పేజీలో ఉంటే, చూచిన పెద్దలు “ఈ అబ్బాయికి మన పద్ధతి తెలుసు” అని గ్రహిస్తారు. వారికి తక్కిన రుజువు అక్కరలేదు. ఇంకొక లాభం కూడ కలదు. నేడు మన పిల్లలలో పలువురు తమిళ, చైనా కుటుంబాలలోని వారిని వివాహమాడుతున్నారు. ఆ వియ్యంకులకు మన తంతు ఏమిటో తెలియదు. అందుచేత వ్యాఖ్యను ముందు తెలుగులో, ఆ వెంటనే మలయ్ భాషలోనో ఆంగ్లంలోనో వ్రాయుట మంచిది. తెలుగులో వ్రాయుటకు జంకేవారితో మేము చెప్పేది ఒక్కటే. మేమూ సంఘం తరగతులలో నేర్చుకొన్న తెలుగుతోనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము. నాలుగు మాటల వ్యాఖ్యకు అంతకన్న పాండిత్యం అవసరం లేదు.

ఫోటోల కొలతల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఇన్‌స్టాగ్రామ్ మొదట చదరపు బొమ్మలనే అనుమతించేది, 2015లో ఆ నియమం సడలించింది, 2025 నుండి పేజీలోని గడులే నిలువుగా కనబడుతున్నాయి. కనుక బంధువులందరినీ అడ్డంగా నిలబెట్టి తీసిన ఫోటో అక్కడ పెడితే రెండు కొసలవారు గడిలో కనబడరు. ఆ కొసన ఉన్నది పెదనాన్నగారైతే మాట వస్తుంది. అట్టి ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టుకోవలెను. కొనుగోలుదారుకు అసలు ఫోటోలు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యం తగ్గుతుంది. డాక్యుమెంటు రూపంలో పంపితే తగ్గదు. మీ పేరు ముద్ర వేయదలచినచో ఒక మూల చిన్నదిగా వేయండి. పెళ్లికూతురు ముఖం మీదుగా దుకాణం పేరు వ్రాసుకొనే అలవాటు ఎవరు నేర్పారో గాని, అది చూడడానికి బాగుండదు.

పైన చెప్పిన రెండవ రకం తల్లిదండ్రుల మాటకు ఇప్పుడు వద్దాము. అన్నిటికన్న ముఖ్యమైన సంగతి ఇదే అని మా అభిప్రాయం.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇట్లు జరిగింది. పెళ్లి అయిన రాత్రే ఫోటోగ్రాఫరు పది ఫోటోలు పేజీలో పెట్టాడు. వాటిలో ఒకటి, వధువు స్నానానంతరం తడి జుట్టుతో, నగలు లేకుండ గదిలో కూర్చున్నది. ఫోటోగా చూస్తే అది చక్కనిదే. వందలమంది మెచ్చుకొన్నారు. మరునాటి ఉదయం వరుని వైపు పెద్దలు ఎవరి ఫోనులోనో దానిని చూచారు. అమ్మాయి అప్పటికి అత్తవారింట అడుగుపెట్టి ఒక్క పూటే అయింది. ఆమెకు ఒక్కరూ ఒక్క మాటా అనలేదు. అయితే ఆ ఇంట్లో ఆ రోజు భోజనాలు మౌనంగా సాగాయి. ఫోటో తీసివేసే వేళకు దానిని ఎంతమంది దాచుకొన్నారో చెప్పేవారు లేరు. ఆ తరువాత ఆ రెండు కుటుంబాల బంధువర్గంలో జరిగిన ఏ శుభకార్యానికీ ఆ యువకుని పిలవలేదు. వాని పనితనంలో లోపం ఏమీ లేదు.

పాత గాజు బీరువాలో నుండి ఫోటో తీసివేస్తే అది నిజంగా పోయేది. ఇక్కడ పోదు. భేదం ఇంతే, కాని ఇది చిన్న భేదం కాదు.

చట్టం కూడ ఈ విషయంలో కుటుంబం వైపే నిలబడుతుందని చాలామంది ఫోటోగ్రాఫర్లకు తెలియదు. “నేను తీశాను గనుక ఫోటో నాది” అని వారు వాదిస్తారు. మన దేశపు 1987 కాపీరైటు చట్టంలోని 26వ విభాగం ప్రకారం, ఒకరు పని ఒప్పగించి చేయించుకొన్న కృతి విషయంలో, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, కాపీరైటు ఆ పని ఒప్పగించినవారికే సంక్రమించినట్లు భావించబడుతుంది. అనగా పెళ్లివారు పిలిచి తీయించుకొన్న ఫోటో, కాగితం మీద మరొక విధంగా వ్రాసుకొంటే తప్ప, పెళ్లివారిది. దానిని మీ వ్యాపార ప్రచారానికి వాడుకొనుటకు వారి అనుమతి కావలెను. ఇక మీరు తీసుకొనే పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాల విషయం. వ్యాపార లావాదేవీలలో ఇట్టి సమాచారం ఎట్లు వాడవలెనో, ఎట్లు కాపాడవలెనో చెప్పుటకు 2010 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉన్నది. అది 2013 నవంబరు నుండి అమలులో ఉన్నది. ఒకరి పెళ్లికి తీసుకొన్న నంబర్ల జాబితాను నగల దుకాణం వారికి ఇచ్చివేయడం స్నేహం అనిపించుకోదు.

అనుమతి అడిగితే వద్దంటారేమో, పేజీ ఖాళీగా ఉంటుందేమో అని యువకులు భయపడతారు. మేము గమనించినంతలో, గౌరవంగా అడిగినవారికి చాలామంది సరే అంటారు. ఏ ఫోటోలు పెట్టవచ్చునో తామే ఏరి ఇస్తారు. తాము ఏరిన ఫోటో పేజీలో కనబడగానే దానిని బంధువులందరికీ వారే పంపుతారు. డబ్బు కట్టి ఇచ్చే ఏ ప్రకటనా దీనికి సాటి రాదు. అడగకుండా పెట్టిన ఫోటోను మాత్రం చూచి ఊరుకొంటారు.

రెండింటి విషయంలో అనుమతి ఉన్నా వద్దనే మా సలహా. ఒకటి, ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చేసే వేడుక. అది ఇంటి ఆడవారి మధ్య జరిగే ముచ్చట. ఆ పిల్లకు అప్పటికి పన్నెండో పదమూడో ఏళ్లు. ఆమె మా తరగతి గదికే సోమవారం తిరిగి వస్తుంది, తోటి పిల్లల ఫోనులలో ఆ ఫోటో ఆమెకన్న ముందే వచ్చి ఉంటుంది. ఉపాధ్యాయులుగా ఇది మేము కళ్లారా చూచాము. రెండవది, చావు ఇంటి ఫోటోలు. ఆల్బములు చేసి ఇవ్వండి, డబ్బు తీసుకోండి, పేజీలో పెట్టకండి.

లెక్క విషయం క్లుప్తంగా చెబుతాము. మెచ్చుకొన్నవారి సంఖ్య ఆదాయం కాదు. ఒక నోటు పుస్తకం పెట్టుకొని, పని కోసం ఫోను చేసిన ప్రతివారినీ “మా గురించి ఎట్లా తెలిసిందండీ?” అని అడిగి వ్రాసుకోండి. ఆరు నెలలు వ్రాస్తే మీ శ్రమ ఎక్కడ ఫలిస్తున్నదో, ఎక్కడ వృథా అవుతున్నదో ఆ పుస్తకమే చూపిస్తుంది. కాలం కూడ చూచుకోవలెను. మన దేశంలో పెళ్లిళ్లు బడి సెలవులలో గుమిగూడి వస్తాయి. ఆషాఢంలో, మూఢంలో, శూన్యమాసంలో ముహూర్తాలు ఉండవు. పెళ్లి ఫోటోలను పెళ్లిళ్ల మధ్యలో కాక, కుటుంబాలు మండపం వెదుకుతున్న నెలలలో పేజీ నిండా పెట్టవలెను. ముహూర్తాలు లేని రోజులలో విశ్వవిద్యాలయ పట్టభద్రుల ఫోటోలు, దీపావళి ముందు కుటుంబ ఫోటోలు ఉన్నాయి. మలయ్ కుటుంబాలు హరి రాయ పండుగకు ఒకే రంగు దుస్తులు ధరించి స్టూడియోలకు వెళ్లి ఫోటోలు తీయించుకొంటారు. ఆ పని మనవారు ఎందుకు చేయరాదు?

వ్యాపారం నమోదు చేయించుట మరువరాదు. 1956 నాటి వ్యాపారాల నమోదు చట్టం ప్రకారం, పని మొదలుపెట్టిన 30 రోజులలోగా కంపెనీల కమీషను వారి వద్ద నమోదు కావలెను. గుర్తింపు కార్డులోని సొంత పేరుతో అయితే ఏడాదికి 30 రింగిట్లు, వ్యాపారానికి వేరే పేరు పెట్టుకొంటే 60 రింగిట్లు. ఆ నమోదు సంఖ్యను పేజీలో వేసుకోండి. ఇతరుల ఫోటోలు దొంగిలించి, తామే తీశామని చెప్పి, బయానా తీసుకొని మాయమయ్యేవారు ఉన్న ఈ రోజులలో, బయానా పంపవలసిన తల్లిదండ్రులు మొదట చూచేది దానినే. డబ్బు కూడ సొంత ఖాతాకు కాక వ్యాపారం పేరున ఉన్న ఖాతాకు వచ్చేటట్లు చూచుకొంటే వారికి ధైర్యంగా ఉంటుంది.

ఇంకొక మాట. మన తాతలు తోట లయములలో పుట్టి, అక్కడే ముంగిట మునగ చెట్టు, కరివేప చెట్టు నాటుకొని, రామభజన మందిరం కట్టుకొని, అది తమ ఊరే అనుకొన్నారు. తోట చేతులు మారిన రోజున ఆ ఇల్లు, ఆ చెట్లు తమవి కావని తెలిసింది. ఫేస్‌బుక్ పేజీ అట్టి లయము వంటిదే. స్థలం వారిది. ఒకనాడు ఖాతా మూతపడవచ్చును, దొంగల చేత పడవచ్చును, నియమం మారవచ్చును. రెండు అంచెల తాళం తప్పక వేసుకోండి, కాని దానిపైనే ఆధారపడకండి. అసలు ఫోటోలను రెండు వేరు వేరు డిస్కులలో, రెండు వేరు ఇళ్లలో దాచండి. కొనుగోలుదారుల నంబర్లను, వారి సమ్మతితో, మీ సొంత పుస్తకంలో వ్రాసుకోండి. 1981లో కౌలాలంపూరులో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు తీసిన ఫోటోలు మనకు ఇప్పుడు కావలసివస్తే ఎవరింటి బీరువాలోనో, కాగితం మీద అచ్చయిన వాటినే వెదుకుతాము గదా. ప్రతి పెళ్లికీ కనీసం ఒక ఇరవై ఫోటోలు అచ్చు వేసి ఇవ్వడం ధరలోనే కలిపివేయండి.

చివరిగా, రసీదు వెనుక అచ్చు వేసుకొనుటకు మేము ఒక నమూనా వ్రాసి ఇస్తున్నాము. ఎవరైనా వాడుకొనవచ్చును.

“మా శుభకార్యంలో తీసిన ఫోటోలలో మేము ఏరి ఇచ్చిన వాటిని మాత్రమే మీ పేజీలో పెట్టుటకు అనుమతిస్తున్నాము. పేర్లు వేయవచ్చును / వేయరాదు. చిన్నపిల్లల ముఖాలు చూపవచ్చును / చూపరాదు. మేము కోరినప్పుడు ఏ ఫోటోనైనా 24 గంటలలోగా తీసివేయవలెను. అనుమతి లేనిదే ఈ ఫోటోలను ఇతర వ్యాపారులకు ఇవ్వరాదు.”

దీనిని తెలుగుతో పాటు మలయ్, ఆంగ్ల భాషలలో కూడ వేయించి, బయానా పుచ్చుకొనే రోజుననే చదివి వినిపించి సంతకం తీసుకోవలెను. ఇంటి పెద్ద సంతకం ఒక్కటి చాలదు, వధూవరుల సంతకాలు కూడ ఉండవలెను.